కొత్త బొమ్మకు ఇంట్లో ఒక చుట్టం ఉండాలి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమ్మగారి నుంచి వచ్చిన కొలువు బొమ్మలు ఒక నలభై, మీరు కొన్నవి ఇంకో ముప్ఫై, చిన్నప్పటి బార్బీలు నాలుగు. అనంతపురంలో రెండు గదుల ఇల్లు. ఎక్కడికి వెళ్లినా ఒక బొమ్మ లేకుండా తిరిగి రాలేరు. తెచ్చాక ఎక్కడ పెట్టాలో తెలియదు. ఏటా కొలువులో ఒక కొత్త బొమ్మ పెట్టి తీరాలని అత్తగారి మాట. ఏది కొనాలి, ఏది వదిలేయాలి, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చా, కొత్తవాటిని పాతవాటి పక్కన పెట్టవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. చివర్లో ఒక తంజావూరు బొమ్మ ఫొటో పెట్టి, కొనమంటారా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఏడాదికి ఒకటి చాలు. ఆ ఒక్కటికీ మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న ఏదో ఒక బొమ్మతో చుట్టరికం ఉండాలి. తెచ్చిన రోజే పాతవాటి మధ్యన పెట్టకూడదు, కనీసం నలభై రోజులు విడిగా ఉంచాలి. ఆన్‌లైన్‌లో కొనవచ్చు గానీ బొమ్మ అడుగుభాగం ఫొటో పంపనివాళ్ల దగ్గర వద్దు. తంజావూరు బొమ్మ సంగతి చివర చెబుతాను.

నాది కర్నూలు పాతబస్తీ. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పెళ్లయినప్పుడు మా అమ్మ పెట్టిన పదకొండు బొమ్మలతో మొదలుపెట్టి ఇప్పుడు మూడు వందల దాకా వచ్చాను. నిజానికి ఇంకో నూటఇరవై ఉండాల్సింది. అవి ఎలా పోయాయో తర్వాత చెబుతాను, ఎందుకంటే బొమ్మ కొనడం గురించి నాకున్న తెలివిలో సగం అవి పోయినందువల్ల వచ్చిందే.

చుట్టరికం అంటే ఏమిటంటే. మొదట్లో నేనూ మీలాగే కొన్నాను. రామేశ్వరంలో గవ్వల బొమ్మ, మైసూరులో ఏనుగు, హైదరాబాద్ ఎగ్జిబిషన్‌లో గాజు నెమలి, ఎవరో పెళ్లిలో ఇచ్చిన ప్లాస్టిక్ వినాయకుడు. పదేళ్లకు రెండు బీరువాలు నిండాయి. ఒక దసరాకు పేరంటానికొచ్చిన ఎదురింటి పిల్ల మూడో మెట్టు మీది బొమ్మను చూపించి "ఇది ఎవరు టీచర్?" అని అడిగింది. నాకు గుర్తు రాలేదు. ఎక్కడ కొన్నానో, ఎందుకు కొన్నానో కూడా తెలియదు. ఆ రాత్రి అన్నీ దించి నేల మీద పరిచి, ఏది దేని పక్కన కూర్చుంటే మాట కలుస్తుందో చూసుకుంటూ కూర్చున్నాను. దాదాపు ముప్ఫై బొమ్మలకు ఎవరి పక్కనా చోటు దొరకలేదు. ఆ ముప్ఫై నేను ఊరికే కొన్నవి.

చుట్టరికం రకరకాలుగా ఉంటుంది. నాకు ఎక్కువ ఇష్టమైనది చెట్టు చుట్టరికం. ఏటికొప్పాక లక్కబొమ్మలు అంకుడు కర్రతో చేస్తారు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది పక్కన ఉన్న ఊరది. బెంగళూరు నుంచి మైసూరు పోయే దారిలో చన్నపట్న ఉంది కదా, అక్కడివాళ్లు బొమ్మలు చేసేది ఆలె మర అనే చెట్టు కర్రతో. పేర్లు వేరు, చెట్టు ఒకటే. పని కూడా ఒకటే: లేతు మీద కర్రను తిప్పుతూ రంగు లక్కకడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది, ఆ తర్వాత మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. ఏటికొప్పాక బొమ్మ పక్కన చన్నపట్న బొమ్మ పెట్టి చూడండి, అక్కచెల్లెళ్లు వేరే వేరే ఊళ్లలో కాపురం చేస్తున్నట్టే ఉంటుంది. అలాగే కొండపల్లివాళ్లదీ నిర్మల్‌వాళ్లదీ పొనికి చెక్క. ఒకటి కృష్ణ ఒడ్డు, ఇంకొకటి గోదావరి ప్రాంతం. కొండపల్లి కల్లుగీత కార్మికుడి పక్కన నిర్మల్ చెక్క పండ్లు పెట్టిన ఏడాది, మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ నేను ఈ చెట్టు కథ చెప్పి విసిగించాను. మా ఆయన అయితే పేరంటాళ్లు గడప దిగేదాకా వంటింట్లోనే ఉండేవారు, మళ్లీ వినాల్సి వస్తుందని.

పని చుట్టరికం ఉంటుంది: రోకలి పట్టినావిడ, చెరుగుతున్నావిడ, కుండలు చేసేవాడు, బండి తోలేవాడు. కథ చుట్టరికం ఉంటుంది. ఇచ్చిన మనిషి చుట్టరికం కూడా ఒకటుంది, దాన్ని తక్కువ చేయకండి. మా ఆడపడుచు ఇచ్చిన మూడు బొమ్మలూ మూడు దేశాలవి, మూడు పదార్థాలవి. ఒకదానికొకటి ఏ పొంతనా లేదు. కానీ అవి ఎప్పుడూ ఒకే మెట్టు మీద ఉంటాయి, ఎందుకంటే అది ఆవిడ మెట్టు.

మీరుండేది అనంతపురం కాబట్టి ఒక మాట. దూరం వెళ్లకముందు దగ్గర చూడండి. ధర్మవరం పక్కనే నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మలు చేసే ఊరు. 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది ఆ పనికే. మేకతోలును పారదర్శకంగా వచ్చేదాకా శుభ్రం చేసి, చిల్లులు కొట్టి, రంగు వేస్తారు. వెలుగుకు ఎదురుగా పెట్టి చూడాల్సిన బొమ్మ అది. గోడకు అతికిస్తే సగం బొమ్మే కనిపిస్తుంది. ఇప్పుడు లాంప్‌షేడ్లు కూడా చేస్తున్నారు, బాగుంటాయి, అయినా నా సలహా మాత్రం కదిలే చేతులున్న ఒక చిన్న హనుమంతుడో, తోలుబొమ్మలాటలో నవ్వించే బంగారక్కో కొనమని. మీ అమ్మగారి బొమ్మల్లో రామాయణం సెట్టు ఉందన్నారు కదా. చుట్టం అక్కడే ఉంది.

ఇక ఏటా కొత్త బొమ్మ పెట్టి తీరాలా అన్నది. కోస్తా జిల్లాల్లో సంక్రాంతికి కొలువు పెడతారు, మన వైపు దసరాకు. మీ దగ్గర కన్నడ సంబంధాలున్న ఇళ్లలో పట్టద గొంబె అని రాజూ రాణీ జంటను పెళ్లికూతురికి ఇచ్చి పంపిస్తారు, ఆ జంటతోనే ఆమె కొలువు మొదలవుతుంది. ఎక్కడైనా ఏడాదికొక కొత్త బొమ్మ అన్నది అలవాటుగా ఉంది. పెట్టకపోతే ఏమవుతుందో అని టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు. కొనాలని కూడా ఎక్కడా లేదు. మా అమ్మ చేతిలో డబ్బు లేని ఏడాది పాత పట్టుచీర అంచుతో గుడ్డబొమ్మ కుట్టి పెట్టింది. అది ఇప్పటికీ మా కొలువులో రెండో మెట్టు మీద ఉంటుంది, మూడు వేలు పెట్టి కొన్న కొండపల్లి అంబారీ ఏనుగు కంటే పై మెట్టున. మీ అత్తగారికి ఇలా చెప్పి చూడండి. లేదా ఆవిడనే ఒకటి కుట్టమనండి, కుట్టేవాళ్లకు ఆ తర్వాత సంఖ్య మీద పట్టుదల తగ్గుతుంది.

కొనడానికి వెళ్లేటప్పుడు నేను పర్సులో రెండు వస్తువులు పెట్టుకుంటాను. ఒకటి దర్జీ టేపు. రెండోది ఫోన్లో మా మెట్ల ఫొటో, మెట్టుకు మెట్టుకు మధ్య ఎత్తు ఎంతో రాసి ఉన్నది. అంగడిలో చిన్నగా కనిపించిన బొమ్మ ఇంటికొచ్చాక పెద్దదవుతుంది, ఇది నేను చాలాసార్లు చూసిన మాయ. ఆరంగుళాల దశావతారాల మధ్య పద్నాలుగు అంగుళాల వెంకటేశ్వరస్వామిని పెడితే దశావతారాలు ప్రసాదం పంచేవాళ్లలా ఉంటాయి. సెట్టు అయితే మొత్తం ఒకేసారి, ఒకే చేతి పని చూసి కొనండి. ఈ ఏడు నాలుగు, వచ్చే ఏడు ఆరు అనుకుంటే ముఖాలు కలవవు. కళ్లు రాసే చేయి మారితే అన్నదమ్ములు కూడా పరాయివాళ్లలా కనిపిస్తారు.

కొండపల్లి బొమ్మను చేతిలోకి తీసుకుంటే బరువు తెలియకూడదు. తెల్ల పొనికి అంత తేలిక. అసలు బొమ్మను ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. కాబట్టి చేయి, ముక్కు, తలపాగా కలిసే చోట సన్నగా అతుకు ఆనవాలు ఉంటుంది. అడుగున రంగు వేయని చోట చెక్క గీతలు కనిపించాలి. బరువుగా, అడుగు నున్నగా, తెల్లగా సుద్దలా ఉంటే అది అచ్చుపోసిన ప్లాస్టర్ బొమ్మ. ప్లాస్టర్ బొమ్మ కొనడం తప్పేమీ కాదు, నా దగ్గరా ఉన్నాయి, కానీ ప్లాస్టర్ ధర ఇవ్వండి. ఆన్‌లైన్‌లో అడుగు ఫొటో, పక్కన అగ్గిపెట్టె పెట్టి తీసిన ఫొటో రెండూ అడగండి. విసుక్కుంటే వదిలేయండి.

మన వైపు ఎర్రచందనం బొమ్మలంటే మోజు ఎక్కువ, శేషాచలం కొండలు పక్కనే ఉన్నాయి కాబట్టి. ఎర్రచందనం నరకడం, అమ్మడం, తరలించడం అన్నిటి మీదా ప్రభుత్వ నియంత్రణ ఉంది. అందుకని ఎర్రచందనం బొమ్మ చిన్నదైనా సరే, బిల్లు ఇచ్చే గుర్తింపు ఉన్న దుకాణంలోనే కొనండి, ఆ బిల్లు బొమ్మతోనే దాచండి. విదేశాల్లో ఉన్న పిల్లలకు సూట్‌కేసులో పెట్టి పంపించేద్దాం అనుకోవద్దు. దారి పక్కన గోనెసంచి మీద పరిచి ఇది అసలు ఎర్రచందనమేనమ్మా అంటే, అసలుదైనా చిక్కే, రంగు పూసిందైనా నష్టమే.

ఇప్పుడు నలభై రోజుల సంగతి. ఇది చాలామంది నవ్వే విషయం. మా కోడలు కూడా నవ్వింది, "బాలింతలాగా బొమ్మకు నలభై రోజులేంటి అత్తమ్మా" అని.

చెక్కను తొలిచే పురుగు బయటికి కనిపించదు. లోపల సొరంగాలు చేసుకుంటూ ఉంటుంది, రెక్కలొచ్చాక గుండుసూది తలంత చిల్లు చేసుకుని బయటికి వస్తుంది. చిల్లు కనిపించిందంటే పురుగు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది, పక్క బొమ్మలోకి. మాకు ఒకసారి అలాగే జరిగింది. చవగ్గా వచ్చిందని ఒక పాత చెక్కగుర్రం కొన్నాను, అరవై డెబ్బై ఏళ్ల నాటిదన్నాడు అమ్మినాయన. నేరుగా బీరువాలో పెట్టాను. మరుసటి దసరాకు తీస్తే గుర్రం కింద బియ్యప్పిండి రాలినట్టుంది. గుర్రం నిక్షేపంగానే ఉంది, దాని రెండు వైపులా ఉన్న అయిదు బొమ్మలు చేత్తో నొక్కితే లోపలికి పోయాయి.

అప్పటినుంచి కొత్తది ఏది వచ్చినా వేరే గదిలో, నల్ల చార్టు కాగితం మీద పెడతాను. నలుపు మీద తెల్లపొడి వెంటనే కనిపిస్తుంది. వారానికోసారి కాగితం చూసి, దులిపి, మళ్లీ పెట్టడం. పొడి రాలకపోతే నలభై రోజులకు లోపలికి రానిస్తాను. పురుగు ఒక్కోసారి ఏడాదికి పైగా కూడా లోపలే ఉండగలదు కాబట్టి నలభై రోజులు పూర్తి భరోసా అని చెప్పను. మొదటి ఏడాది కొత్తదాన్ని విడి డబ్బాలో ఉంచితే మంచిది. దసరాకు కొత్త బొమ్మ పెట్టాలంటే శ్రావణంలో కొనాలన్నమాట. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది: పండగ ముందు వారంలో దుకాణాల్లో మిగిలినవి, విరిగి అతికినవి మనకు అంటగట్టే బెడద ఉండదు.

పొడి రాలితే? గుడ్డబొమ్మ, రంగు వేయని చెక్కబొమ్మ అయితే పాలిథీన్ కవర్లో గాలి లేకుండా కట్టి ఫ్రీజర్లో రెండు వారాలు పెట్టండి. తీశాక ఒకరోజంతా కవర్ విప్పకూడదు, విప్పితే చెమ్మ బొమ్మ మీదే పడుతుంది. రంగు వేసినవి, లక్కవి, మట్టివి మాత్రం ఫ్రీజర్లో పెట్టొద్దు, పూత పగులుతుంది. అలాంటిది అయితే నేను అమ్మినాయనకే తిరిగి ఇచ్చేస్తాను. తీసుకోకపోతే ఇంటి బయటే ఉంచుతాను. మనసు రాదు, తెలుసు.

కొత్తవీ పాతవీ పక్కపక్కన ఉండొచ్చా అంటే, పదార్థాన్ని బట్టి. మీ బార్బీలను రంగువేసిన చెక్కబొమ్మలకు ఆనించి పెట్టకండి. మెత్తటి ప్లాస్టిక్‌లో కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ బయటికి ఊరుతుంది, మన ఎండలకు ఇంకా త్వరగా. పాత బార్బీ కాళ్లు జిడ్డుగా తగలడం మీరు గమనించే ఉంటారు. ఆ జిడ్డు ఎనామిల్ రంగుకు తగిలితే రెండూ అతుక్కుంటాయి. బార్బీ చెవులకు లోహపు కమ్మలుంటే తీసేయండి, చెవి చుట్టూ పచ్చగా మచ్చ వస్తుంది, వచ్చాక పోదు. ముదురు రంగు గౌను ఏళ్ల తరబడి ఉంచినా ఒంటికి రంగు దిగుతుంది. కలరా ఉండలు, అవే నాఫ్తలీన్, ప్లాస్టిక్ బొమ్మల దగ్గర అసలు వద్దు. చెక్కబొమ్మల పెట్టెలో నేను ఎండిన వేపాకు, వస కొమ్ము ముక్కలు గుడ్డలో మూటకట్టి పెడతాను. అవి పురుగును చంపవు, రాకుండా కొంత ఆపుతాయి, అంతే. ఏడాదికోసారి మార్చాలి.

చుట్టడానికి వార్తాపత్రిక వాడొద్దు. ఇది లక్కబొమ్మల విషయంలో మరీ ముఖ్యం. కర్నూలులో మే నెల ఎండ నలభై రెండు దాటుతుంది, మిద్దె కింద సజ్జ మీద అంతకంటే ఎక్కువ. ఆ వేడికి లక్క మెత్తబడుతుంది. ఒక ఏటికొప్పాక పెళ్లికొడుకు వీపు మీద ఏదో చీరల అంగడి ప్రకటన తిరగేసిన అక్షరాలతో అచ్చుపడి ఉంది నా దగ్గర, అద్దంలో చూస్తే చదవొచ్చు, తగ్గింపు ఎంతో కూడా తెలుస్తుంది. బబుల్ ర్యాప్ కూడా అంతే, గుండ్రటి మచ్చలు పడతాయి. కొరియర్‌లో వచ్చినదాన్ని అదే రోజు విప్పేయండి. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలుచీర ముక్కలకు మించినది లేదు. ప్రయాణంలో కొన్న లక్కబొమ్మను ఎండలో ఆపిన కారులో వదలొద్దు.

ఇంకొకటి. కరోనా రోజుల్లో మా చుట్టాలావిడ శుభ్రత కోసం చన్నపట్న బొమ్మలన్నిటినీ శానిటైజర్‌తో తుడిచింది. లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఎరుపు, పసుపు, పచ్చ అన్నీ కలిసిపోయి గుడ్డకు అంటుకున్నాయి. పొడి గుడ్డ చాలు. మరీ మురికిగా ఉంటే నీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డ, వెంటనే పొడిగుడ్డ. కాల్చని మట్టిబొమ్మను తడిగుడ్డతో ముట్టుకోవద్దు, మెత్తటి బ్రష్‌తో దులపండి. పసుపు కలిపిన సహజ రంగులు ఎండకు తొందరగా వెలిసిపోతాయి కాబట్టి కిటికీ పక్కన అద్దాల అల్మరా ఎంత అందంగా ఉన్నా అక్కడ పెట్టకండి.

సరే, ఆ నూటఇరవై బొమ్మల సంగతి.

2009లో దసరా సెప్టెంబరు 28న వచ్చింది. ఆ రాత్రి అలవాటు ప్రకారం ఒక బొమ్మను పడుకోబెట్టి, మర్నాడు కొలువు తీసేశాం. సజ్జ మీదకు ఎక్కించడానికి మా వాడు ఆదివారం వస్తానన్నాడు. అందుకని పెట్టెలు మంచం కింద నేల మీదే ఉన్నాయి, వెదురుబుట్టలు రెండు మంచం పక్కన. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చేశాయి. మేం పక్కింటి మిద్దెక్కి బతికాం. నీళ్లు తీశాక ఇంట్లోకి అడుగుపెడితే మోకాలి లోతు బురద.

బొమ్మల్లో ఏ పదార్థం దేనికి తట్టుకుంటుందో నాకు పుస్తకాల్లో చదివి తెలియలేదు, ఆ బురదలో తెలిసింది. కాల్చని మట్టిబొమ్మలు బొమ్మలుగా లేవు, పెట్టె అడుగున రంగు రంగుల బురద ఉంది, అంతే. కాల్చిన మట్టివి రంగు పోయి ఎర్రగా నిలిచాయి. కాగితపు గుజ్జుతో చేసిన తంజావూరువి తడిసిన అట్టముద్దలయ్యాయి. తోలుబొమ్మలు ఉబ్బి, ముడుచుకుని, వాసన పట్టాయి. కొండపల్లివి బుట్టలోంచి తేలి గదంతా తిరిగినట్టున్నాయి, ఒకటి అలమరా పైన దొరికింది. వాటి చెక్కకు ఏమీ కాలేదు, మక్కు కరిగి చేతులు, తలపాగాలు ఊడాయి. లక్కబొమ్మలు అన్నిటికంటే గట్టిగా నిలబడ్డాయి, పైన తెల్లటి పొగమంచులా పొర కమ్మింది, అంతే. అందులో కూడా నేను కంగారులో మిద్దె మీద ఎండలో పరిచినవి పగిలాయి. నీడలో, గుడ్డ మీద, నిదానంగా ఆరినవి బతికాయి. ఊడిన చేతులు కొన్నిటిని నేనే చింతగింజలు నానబెట్టి రుబ్బి ఉడికించి, వడ్రంగి దగ్గర పొట్టు తెచ్చి కలిపి అతికించాను. అందంగా రాలేదు. కానీ నిలిచాయి.

పోయినవాటి కంటే ఎక్కువ బాధ పెట్టింది నోట్‌బుక్. ఏ బొమ్మ ఎప్పుడు, ఎక్కడ, ఎవరు ఇచ్చారు అని ఇరవై ఏళ్లుగా రాసుకున్నది అదే పెట్టెలో బొమ్మలతోపాటు పెట్టాను. సిరా కాగితంలో కలిసిపోయింది. బతికిన బొమ్మల్లో సగం ఇప్పుడు ఎవరిచ్చినవో నాకు తెలియదు. మా అమ్మ పెట్టిన పదకొండులో ఏవి మిగిలాయో ఏడు వరకు గట్టిగా చెప్పగలను, ఇంకో రెండింటి విషయంలో మా చెల్లికీ నాకూ ఇప్పటికీ వాదనే.

అందుకని కొత్త బొమ్మ ఇంట్లోకి వచ్చిన రోజే నాలుగు ముక్కలు రాసేయండి: ఎక్కడిది, ఏ చెక్క లేదా మట్టి, ఎవరిచ్చారు, ఎందుకు తెచ్చుకున్నారు. ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి ఇంకెవరికైనా పంపి ఉంచండి. నేను మా చెల్లికి పంపుతాను, చూడదు, పరవాలేదు. బొమ్మకు అంటించే కాగితం వద్దు, జిగురు మచ్చ పడుతుంది. అడుగున పెన్సిల్‌తో అంకె వేయండి, లేదా దారంతో చిన్న గుడ్డముక్క కట్టండి. "ఎందుకు తెచ్చుకున్నాను" అన్న గడిలో రాయడానికి ఏమీ తోచకపోతే అది చుట్టం దొరకని నా ముప్ఫైలాంటి బొమ్మే. దుకాణంలో ఉన్నప్పుడే ఆ గడి మనసులో నింపి చూసుకోవడం నాకు అలవాటైంది. చాలాసార్లు చేతిలోకి తీసుకున్నది మళ్లీ అరలో పెట్టేస్తాను.

చోటు గురించి. ఒకటి వస్తే ఒకటి బయటికి పోవాలని కొందరు లెక్క పెట్టుకుంటారు. నాకు ఆ లెక్క నచ్చదు, బొమ్మలు బస్సులో సీట్లు కావు. కానీ పెట్టెల లెక్క పెట్టుకోవచ్చు: నాకు ఏడు పెట్టెలు, ఎనిమిదోది కొనను. పెట్టె మూత పడకపోతే ఏదో ఒకటి ఎవరికో ఇవ్వాలి. చుట్టం దొరకని ఆ ముప్ఫై బొమ్మలు నేను అలాగే ఇచ్చేశాను, చాలావరకు మా వీధి పిల్లల కొత్త కొలువులకు. చంటిపిల్లలున్న ఇంటికి మాత్రం పాత రంగుల బొమ్మలు ఇవ్వొద్దు, పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

ఢిల్లీలో కార్టూనిస్ట్ శంకర్ పెట్టిన బొమ్మల మ్యూజియం ఉంది, 1965లో తెరిచారు. వేల బొమ్మలు, ఎన్నో దేశాలవి. అది మొదలైంది ఒక్క హంగేరీ బొమ్మతోనట. అక్కడికి వెళ్లినప్పుడు మా మనవరాలు అద్దాల ముందు పరుగెత్తుకుంటూ పోతుంటే, నేను మాత్రం ఇన్ని పెట్టెలు ఎవరు దులుపుతారా అని చూస్తూ నిలబడ్డాను. మనకు జీతమిచ్చి పెట్టుకున్న మనుషులు లేరు. ఏడాదికోసారి మీ రెండు చేతులతో తీసి, దులిపి, చుట్టి పెట్టగలిగినన్నే మీ బొమ్మలు. నాకు మూడు వందలకు నాలుగు రోజులు పడుతుంది, నడుము పట్టేస్తోంది, కాబట్టి నేనూ ఆగే దగ్గరికి వచ్చేశాను.

ఇక మీ తంజావూరు బొమ్మ. ఫొటోలోది నాట్యం చేసే అమ్మాయి, తల, నడుము, పావడా విడివిడిగా ఊగే రకం. రెండడుగుల ఎత్తు అని రాశారు. అది ఏ మెట్టు మీదా పట్టదు, పక్కన స్టూలు వేసి పెట్టాల్సి వస్తుంది. పైగా కాగితపు గుజ్జుది అయితే ఎలుకలకూ చెమ్మకూ మీరే కాపలా. ఇప్పుడు కొనకండి. మీ అమ్మగారి బొమ్మల్లో తలాడించే తాతగారు ఉన్నారనీ, మెడ ఆగిపోయి పదేళ్లుగా పెట్టెలోనే ఉన్నారనీ మీరే రాశారు కదా. తల మెల్లగా పైకెత్తి చూడండి. లోపల తీగ ఉంటుంది, చాలాసార్లు అది తుప్పు పట్టి బిగిసిపోయి ఉంటుంది, లేదా మెడ దగ్గర రంగు పేరుకుని పట్టేసి ఉంటుంది. రంగయితే అగరుబత్తి పుల్లతో మెల్లగా గీకితే వస్తుంది. తీగ అయితే గడియారాలు బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్లండి, మా తాతగారి మెడ ఇక్కడ అలాగే బాగుచేయించాను, నలభై రూపాయలు తీసుకున్నాడు. ఈ దసరాకు ఆయన్ను పెట్టండి, పదేళ్ల తర్వాత వచ్చినవాడు కొత్తవాడి కిందే లెక్క, అత్తగారు కాదనరు. ఆయన తల ఆడుతూ ఉంటే, వచ్చే శ్రావణంలో పదంగుళాల లోపు నాట్యగత్తెను వెతుక్కోవచ్చు. టేపు మరచిపోకండి.